మోటెల్ బదులు ఇంట్లో కట్టుకున్న చిన్న క్యాంపర్ ట్రైలర్: రావ్‌4 వెనక ఎంతవరకు కుదురుతుంది?

ప్లేనో_బాటసారి అడిగారు:

అందరికీ నమస్కారం. వచ్చే జూలైలో డల్లాస్ నుంచి కొలరాడో మీదుగా ఎల్లోస్టోన్ దాకా రెండు వారాల ప్రయాణం అనుకుంటున్నాం. ఇద్దరు పెద్దవాళ్ళం, నాలుగేళ్ళ పాప. పార్కు గేట్ల దగ్గర మోటెళ్ళు చూస్తే రాత్రికి 250 డాలర్లకు దిగడం లేదు. గదిలో వంట చేయనివ్వరు, పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది. అందుకని శీతాకాలంలో గ్యారేజీలో ఒక చిన్న ట్రైలర్ కట్టుకుందామని ఆలోచన. రంపం, డ్రిల్లు పట్టడం వచ్చు, వెల్డింగ్ రాదు.

బండి 2021 టొయోటా రావ్‌4 ఎక్స్‌ఎల్‌ఈ, హైబ్రిడ్ కాదు. ప్లాన్ ఇలా ఉంది: 5×10 అడుగుల ఫ్రేము, లోపల నిలబడేలా 6 అడుగుల ఎత్తు, అంతా ముప్పావు అంగుళం ప్లైవుడ్, వెనకవైపు వంటగట్టు, 20 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు, చిన్న కిటికీ ఏసీ. ఇందులో మార్చాల్సింది ఏముందో చెప్పండి. మా కాలనీలో హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంది, డ్రైవ్‌వేలో ట్రైలర్ ఉంచనివ్వరు.

ఇరుసు_లెక్క (డెన్వర్):

మొత్తం మార్చాలండి. బల్ల కోయకముందే కాగితం మీద బరువు వేసి చూడండి.

మీ మోడల్ లాగగలిగేది 1,500 పౌండ్లు. 3,500 లాగేవి అడ్వెంచర్, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ రకాలు మాత్రమే. ఇప్పుడు మీ డబ్బా లెక్క. రెండు పక్కగోడలు 120 చదరపు అడుగులు, ముందూ వెనకా 60, పైకప్పూ నేలా కలిపి 100. మొత్తం 280 చదరపు అడుగులు, అంటే 4×8 షీట్లు దాదాపు తొమ్మిది. ముప్పావు అంగుళం షీటు 65 పౌండ్ల చొప్పున 570 పౌండ్లు. 5×10 ఫ్రేము సుమారు 450. గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు కాబట్టి 20 గ్యాలన్లు 167. పరుపు, తలుపులు, కిటికీలు, ఏసీ, అడ్డబద్దలు, అరలు కలిపి మరో 220. ఇప్పటికే 1,400 దాటింది. ఇందులో ఇంకా బియ్యం లేవు, బట్టలు లేవు, స్టెప్నీ లేదు.

బరువు ఒక్కటే కాదు. 6 అడుగుల డబ్బాని 20 అంగుళాల ఎత్తున్న ఫ్రేము మీద పెడితే నేల నుంచి 92 అంగుళాలు. గ్యారేజీ తలుపు మామూలుగా 84 అంగుళాలే, లోపలికి పోదు. హెచ్‌ఓఏ సమస్య అక్కడే మొదలవుతుంది. పైగా రావ్‌4 ఎత్తు 67 అంగుళాలు. దానికి పైన రెండడుగుల గోడ గాలికి ఎదురుగా నిలబడుతుంది. అమరిల్లో చుట్టుపక్కల అడ్డగాలి తగిలితే బండి పక్కకి గుంజుకుపోతుంది. కొండల్లోకి వచ్చాక టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది, 8,000 అడుగుల దగ్గర దాదాపు పావు వంతు ఉండదు.

మీ బండికి సరిపోయేది 4×8 టియర్‌డ్రాప్. ముందు గుండ్రంగా, వెనక వాలుగా ఉండే ఆ ఆకారం, లోపల పడక, వెనక తలుపెత్తితే వంటగట్టు. గోడ 4 అడుగులు, మొత్తం ఎత్తు ఫ్యానుతో కలిపి 73 అంగుళాలలోపే వస్తుంది, గ్యారేజీలో పడుతుంది. వెల్డింగ్ రాకపోయినా ఫరవాలేదు. హార్బర్ ఫ్రైట్ లాంటి చోట బోల్టులతో బిగించుకునే 4×8 ఫ్రేము దొరుకుతుంది, సుమారు 250 పౌండ్లు. మడిచే రకమైతే మడత దగ్గర పిన్నులు తీసేసి బోల్టులు వేసి, ఇక మడవకుండా గట్టిగా బిగించేయాలి. ఫ్రేముతో వచ్చే తయారీదారు పత్రం జాగ్రత్త చేయండి, వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) దాని మీదే ఉంటుంది. టెక్సస్‌లో 4,000 పౌండ్లలోపు ట్రైలర్‌కి టైటిల్ (యాజమాన్య పత్రం) తప్పనిసరి కాదు గానీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

నిండుగా సర్దాక 1,000–1,050 పౌండ్లు దాటకూడదని ఇప్పుడే గీత గీసుకోండి. 1,500 అన్నది కంపెనీ చెప్పిన ఆఖరి హద్దు, ఆ హద్దు మీద రోజుకి ఎనిమిది గంటలు కొండల్లో నడపడం క్షేమం కాదు. ట్రైలర్‌కి బ్రేకులు ఎప్పుడు కావాలో ఓనర్ మాన్యువల్‌లో చూడండి. రాష్ట్రాల చట్టాలు ఒకేలా లేవు. కాలిఫోర్నియాలో క్యాంప్ ట్రైలర్ 1,500 పౌండ్లు చేరితే బ్రేకులు తప్పనిసరి, ట్రైలర్ లాగే ఏ బండికైనా అక్కడ వేగం 55 మైళ్ళే. వీలైతే బ్రేకులు పెట్టించుకోండి అనే నా సలహా. 2,000 పౌండ్ల ఇరుసుకి 7 అంగుళాల ఎలక్ట్రిక్ డ్రమ్ములు దొరుకుతాయి.

నురగబల్ల (హ్యూస్టన్):

పై లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్కటి కలుపుతాను: గోడలకీ కప్పుకీ ప్లైవుడ్ మానేసి ఫోమ్ వాడండి. 2 అంగుళాల ఎక్స్‌పీఎస్ షీటు, అదే గులాబీ రంగులోనో నీలం రంగులోనో దొరికే గట్టి ఫోమ్, 4×8ది 8 పౌండ్లు ఉంటుంది. జిగురు, గుడ్డ, రంగు అన్నీ కలిపినా 20 దాటదు. అదే ముప్పావు ప్లై 65. గోడలు, కప్పు, వెనక తలుపు కలిపితే 150 పౌండ్లకు పైగా మిగులుతుంది, వేడి ఆపే పొర వేరే వేసే పని ఉండదు.

నేల మాత్రం అర అంగుళం ప్లైవుడ్డే. అడుగువైపు, ముఖ్యంగా అంచులకి, రెండు పూతలు బాగా పట్టించాలి. చక్రాలు చిమ్మే నీళ్ళన్నీ అక్కడికే వస్తాయి. గోడల్లో తలుపు బందులు, మడ్‌గార్డులు, ఫ్యాను, వంటగట్టు తగిలే చోటల్లా ఫోమ్‌ని గాడి తీసి 1×2 చెక్క ముక్కలు ముందే కూర్చాలి. ఫోమ్‌లో స్క్రూ నిలవదు, ఈ ముక్కలు మరిచిపోతే తర్వాత గోడ చీల్చాల్సి వస్తుంది.

ఫోమ్ నుంచి ఫోమ్‌కి తడితో పొంగే పాలీయురెథేన్ జిగురు వాడండి. ఒక ముఖాన్ని తడిగుడ్డతో తుడిచి, రెండోదానికి జిగురు పలచగా రాసి, టేపుతో బిగించి రాత్రంతా వదిలేయాలి. సాల్వెంట్ ఉన్న జిగురు గానీ స్ప్రే డబ్బా రంగు గానీ తగిలితే ఫోమ్ కరిగి గుంటలు పడుతుంది. ముందు తునక ముక్క మీద పరీక్షించి చూడండి.

పైపొర: నూటికి నూరు శాతం నూలు కేన్వాస్, రంగులు వేసేవాళ్ళు నేల మీద పరిచే గుడ్డ. దాన్ని వేడినీళ్ళతో ఉతికి ఆరబెట్టాలి, గంజి ఉంటే జిగురు పీల్చదు. ఫోమ్ ముఖం నున్నగా ఉంటే ఏదీ పట్టదు, వైరు బ్రష్‌తో గీరి గరుకు చేయాలి. టైట్‌బాండ్ 2 జిగురులో కొంచెం నీళ్ళు కలిపి రోలర్‌తో పూసి, గుడ్డ పరిచి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో సాపు చేస్తూ పోవాలి. గుడ్డ మీద మళ్ళీ పలచటి జిగురు పూత. ఆరేటప్పుడు గుడ్డ బిగుసుకుని ముడతలు చాలావరకు పోతాయి. మూలల దగ్గర రెండు అంగుళాలు ఒకదాని మీద ఒకటి రావాలి. దాని మీద బయట వాడే లేటెక్స్ రంగు: మొదటి పూత నీళ్ళు కలిపి, నేత లోపలికి దిగేలా, ఆ తర్వాత మూడు మామూలు పూతలు. రంగు తెలుపే వేయండి. ఎక్స్‌పీఎస్ 165 ఫారెన్‌హీట్ దగ్గర మెత్తబడుతుంది, టెక్సస్ ఎండలో ముదురు రంగు గోడ ఆ దగ్గరికి వెళ్ళిపోతుంది.

నీళ్ళు కారేది ఎప్పుడూ మూడు చోట్లే: కప్పు ఫ్యాను చుట్టూ, వెనక తలుపు బందు దగ్గర, పక్క తలుపు కింద అంచున. ఫ్యాను రంధ్రం 14×14 అంగుళాలు. అంచు కింద బ్యూటైల్ టేపు, స్క్రూల మీద ఆర్‌వీ లాప్ సీలెంట్. సిలికాన్ వద్దు, అది ఒకసారి తగిలిన చోట రంగు పట్టదు, రేపు మళ్ళీ సీల్ చేద్దామన్నా ఏదీ అంటదు. వెనక తలుపుకి రబ్బరు సీలు రెండు వరుసలు పెట్టండి. వేగంగా పోతుంటే ట్రైలర్ వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, మట్టిరోడ్డు దుమ్మంతా వంటగట్టులోకి పీల్చుకుంటుంది. చాలామంది దీన్ని వాననీటి కోసమే అనుకుని ఒక వరుసతో సరిపెడతారు.

తలుపులు రెండువైపులా పెట్టండి. ఒకవైపు మంట అంటుకున్నా, ఎలుగు వచ్చి నిలబడ్డా రెండో దారి ఉండాలి. పాపకి కాళ్ళవైపు అడ్డంగా అటక లాంటి పడక కుదురుతుంది: 24 అంగుళాల వెడల్పు, లోపలి కొలత ప్రకారం 44 అంగుళాల పొడవు. రెండేళ్ళు సరిపోతుంది, ఆ తర్వాత పక్కన టెంటు వేసుకోవాల్సిందే. పడక కింద పెద్దల పాదాలకి 18 అంగుళాల ఖాళీ వదలాలి.

ప్లేనో_బాటసారి:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. 4×8 ఫోమ్‌కే మారుతున్నాను. కాగితం మీద సామాను అంతా వేసి చూస్తే మొత్తం 1,020 పౌండ్లు. ఇరుసు డబ్బా ముందు అంచు నుంచి 57 అంగుళాల దగ్గర, అక్కడి నుంచి హిచ్ బంతికి, అంటే ట్రైలర్ తగిలించడానికి కారు వెనక ఉండే బంతికి, 100 అంగుళాలు. టంగ్ (ట్రైలర్ ముందుకి పొడుచుకొచ్చే కాడి) మీద బరువు లెక్కిస్తే 70 పౌండ్లే వస్తోంది. తేలిగ్గా ఉంటే మంచిదే కదా?

ఇరుసు_లెక్క (డెన్వర్):

కాదండీ, అదే అన్నిటికంటే ప్రమాదం. టంగ్ మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, మీకు 102 నుంచి 153. మీది 7 శాతం కూడా లేదు. వెనక బరువెక్కువైతే 60 మైళ్ళ వేగంలో ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది, ఒక్కో ఊపుకీ పెరుగుతుంది. టియర్‌డ్రాప్‌కి ఈ జబ్బు పుట్టుకతోనే ఉంది, ఎందుకంటే వంటగట్టు ఇరుసు వెనక ఉంటుంది. నీళ్ళు, ఫ్రిజ్, కుక్కర్, బియ్యం అన్నీ అక్కడే చేరతాయి.

సరిచేయడం తేలికే. ఒక వస్తువుని ముందుకు జరిపితే టంగ్ మీద పెరిగే బరువు = వస్తువు బరువు × జరిపిన దూరం ÷ ఇరుసు నుంచి బంతికి దూరం. 5 గ్యాలన్ల నీళ్ళు 42 పౌండ్లు. ఇరుసుకి 30 అంగుళాల వెనక నుంచి 20 అంగుళాల ముందుకి, అంటే పడక కిందికి తెస్తే 42×50÷100 = 21 పౌండ్లు. 25 పౌండ్ల బ్యాటరీని వంటగట్టులోంచి టంగ్ మీది పెట్టెలోకి, సుమారు 102 అంగుళాలు తెస్తే మరో 25. మొత్తం 116, అంటే 11 శాతం పైనే. స్టెప్నీ కూడా టంగ్ దగ్గరే బిగించండి.

కట్టడం అయ్యాక కాగితాన్ని నమ్మొద్దు. నేల చదునుగా ఉన్న చోట, హిచ్ ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, బాత్రూం త్రాసు మీద 4×4 దుంగ నిలబెట్టి కప్లర్‌ని (టంగ్ చివర బంతి మీద కూర్చునే భాగం) దాని మీద ఆనించి చూడండి. ప్రయాణానికి సర్దినంత సామానుతో చూడాలి, ఖాళీ ట్రైలర్‌తో కాదు. మొత్తం బరువు ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూచుకోవచ్చు. ఈ టంగ్ బరువు బండి మోసే బరువులోకి కూడా వస్తుంది, డ్రైవర్ తలుపు స్తంభం మీది స్టిక్కరులో మనుషులూ సామానూ కలిపి ఎంతో రాసి ఉంటుంది, దాంట్లోంచి తీసేయండి.

ఎప్పుడైనా ఊగడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్‌తో ఎదురు తిప్పొద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదిలేయండి. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే కారులోని బ్రేకు కంట్రోలర్ మీటని చేత్తో మెల్లగా నొక్కాలి, తాడు లాగినట్టు ట్రైలర్ సర్దుకుంటుంది.

టైర్ల సంగతి కూడా ఇప్పుడే. 4.80-12 టైరులో లోడ్ రేంజ్ (మోసే బరువు తరగతి) బి 60 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర 780 పౌండ్లు మోస్తుంది, సి రకం 90 పీఎస్‌ఐ దగ్గర 990. సి కొనండి. చల్లగా ఉన్నప్పుడు టైరు పక్కన రాసిన పూర్తి గాలి పెట్టండి, తక్కువ గాలితో నడిపితే టైరు పక్కలు వేడెక్కి పేలతాయి. వేగం 60–65 దగ్గర ఉంచండి. ఈ చిన్న చక్రం మీ బండి చక్రం కంటే మైలుకి మూడోవంతు ఎక్కువసార్లు తిరుగుతుంది, బేరింగుల గ్రీజు దానికి తగ్గట్టే అరుగుతుంది. కొత్త ఫ్రేముతో వచ్చే గ్రీజుని నమ్మకుండా విప్పి, కడిగి, మెరైన్ గ్రీజు కూరండి. దారిలో ఆగినప్పుడల్లా హబ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేకపోతే అక్కడితో ఆపేయాలి. చక్రం నట్లు 10, 25, 50 మైళ్ళ దగ్గర మళ్ళీ బిగించండి.

కుక్కర్_కూత (సియాటిల్):

వంట, కరెంటు గురించి నేను చెబుతాను.

స్టవ్ ఎప్పుడూ బయటే. క్యాబిన్‌లో వెలిగించొద్దు, చలికి కూడా వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ అలారం లోపల పెట్టండి. స్టవ్‌ని జారే బల్ల మీద పెట్టి వెనక తలుపు నీడలోంచి పూర్తిగా బయటికి లాగేలా చేసుకోండి. మన పోపులో నూనె చిటపటమంటుంది, మూకుడులో మంట లేస్తే పైన ఫోమూ గుడ్డా ఉన్నాయి. ఒక పౌండు ప్రొపేన్ డబ్బా ఇచ్చే వేడి 21,600 బీటీయూ. 10,000 బీటీయూ బర్నర్ ఒక్కటీ పూర్తిగా వెలిగితే రెండు గంటలు. రెండు వారాలకి ఈ డబ్బాలు కొంటూ పోవడం దండగ, తిరిగి నింపుకునే 5 పౌండ్ల సిలిండరు, గొట్టం తీసుకోండి.

ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు సుమారు 198 ఫారెన్‌హీట్‌కే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్ళండి. కుక్కర్‌లో కూడా కింద 250 దాకా వెళ్ళేది అక్కడ 242 దగ్గర ఆగుతుంది. పప్పు అరగంట నానబెట్టి, ఇంటి దగ్గరకంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.

రైస్ కుక్కర్‌ని బ్యాటరీ మీద నడపొచ్చా అని అందరూ అడుగుతారు. 500 వాట్లు అరగంట అంటే 250 వాట్ అవర్లు, 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఐదోవంతు. ఒక పూటకి సరే, రోజూ అయితే గ్యాసే మేలు. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి 30 ఆంపియర్ అవర్లు, కప్పు ఫ్యాను రాత్రికి 8–10, లైట్లు, ఫోన్లు 5. అంటే రోజుకి 45. వంద వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో 25–30 ఇస్తుంది. మూడు నాలుగు రోజులు ఇబ్బంది ఉండదు, ఆ తర్వాత ఒక రాత్రి కరెంటు ఉన్న సైటులో దిగి నింపుకోండి. గడ్డకట్టే చలిలో ఈ బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. బ్యాటరీ పాజిటివ్ పక్కనే, కొద్ది అంగుళాల దూరంలోనే, ఫ్యూజు ఉండాలి.

ఏసీ బ్యాటరీ మీద అనుకోవద్దు. 5,000 బీటీయూ కిటికీ ఏసీ 450 వాట్లు లాగుతుంది, రెండున్నర గంటల్లో బ్యాటరీ ఖాళీ. జూలైలో టెక్సస్ దాటేదాకానే అది అవసరం. మొదటి రాత్రి అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కులో కరెంటు సైటు తీసుకుంటే సరిపోతుంది. కొండల్లోకి వెళ్ళాక దుప్పటి కావాలి.

రాత్రి ఎంత చలిగా ఉన్నా ఫ్యాను మూత కొంచెం తెరిచి, ఒక కిటికీ అంగుళం వదిలి పడుకోండి. ముగ్గురి ఊపిరి తేమ తెల్లారేసరికి దాదాపు లీటరు అవుతుంది, అదంతా గోడల మీద చెమటలా పట్టి పరుపు కింద బూజు వస్తుంది. పరుపు కింద గాలాడేలా సన్న పట్టీల చట్రం పరవండి.

రెస్ట్_ఏరియా (ఆల్బకర్కీ):

రాత్రిళ్ళు ఎక్కడ ఆగాలన్నది ముందే తేల్చుకోండి, ఖర్చు మిగిలేది అక్కడే. టెక్సస్ రెస్ట్ ఏరియాల్లో 24 గంటలదాకా ఆగొచ్చు, టెంటు మాత్రం వేయకూడదు. అందుకే పడక లోపలే ఉన్న ట్రైలర్ అక్కడ పనికొస్తుంది. కొలరాడో, వ్యోమింగ్‌లలో బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూముల్లో చాలాచోట్ల ఉచితంగా 14 రోజులదాకా దిగొచ్చు. నీళ్ళు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు, కాబట్టి 5 గ్యాలన్ల పోర్టబుల్ టాయిలెట్ ఉండాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్దామంటే దీన్నే ముందు ఆలోచించండి. టియర్‌డ్రాప్‌లోకి వంగి, మోకాళ్ళ మీద ఎక్కాలి, అర్ధరాత్రి చీకట్లో దిగాలి. పెద్దవాళ్ళకి ఆ రాత్రులు మోటెల్ గది తీసుకోవడమే మర్యాద.

ఎల్లోస్టోన్ లోపల క్యాంప్‌సైటు లేకుండా రోడ్డు పక్కన పడుకోకూడదు. ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో గ్రిజ్లీ ఎలుగుల వల్ల గట్టి గోడల బండ్లనే రానిస్తారు, మీ ట్రైలర్ గోడ ఫోమూ గుడ్డా కాబట్టి బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి. పక్కన టెంటు వేసే ఆలోచన ఉంటే కాన్యన్, గ్రాంట్ విలేజ్ చూసుకోండి, రెండింటి దగ్గరా స్నానానికి షవర్లు ఉన్నాయి. జూలైకి నెలల ముందే నిండిపోతాయి, ట్రైలర్ కట్టడం కంటే ముందు సైటు బుక్ చేయండి. వంట కాగానే పచ్చళ్ళు, నెయ్యి, కడగని గిన్నెలతో సహా అన్నీ ఎలుగు పెట్టెలోకో (ఎలుగు తెరవలేని ఇనప పెట్టె) కారులోకో వెళ్ళాలి. ఇంగువ డబ్బా కూడా. మీ వెనక తలుపు రబ్బరు సీలు ఎలుగుకి ఒక లెక్క కాదు.

పెట్రోలు: గ్యాలన్‌కి 28 మైళ్ళు ఇచ్చే బండి 21–22 ఇస్తుందని వేసుకోండి. 3,000 మైళ్ళకి 32 గ్యాలన్లు ఎక్కువ, అంటే మోటెల్‌లో ఒక్క రాత్రి అద్దెకంటే తక్కువే. బీమా సంగతి రాతపూర్వకంగా అడగండి. వెనక తగిలించి ఉన్నప్పుడు ఎదుటివాళ్ళకి జరిగే నష్టం సాధారణంగా కారు పాలసీలోకి వస్తుంది, ట్రైలర్‌కి జరిగే నష్టం రాదు. ఇంట్లో కట్టినదాన్ని చాలా కంపెనీలు తీసుకోవు కూడా.

ప్లేనో_బాటసారి:

అన్నీ రాసుకున్నాను. ఒకటే మిగిలింది: లైట్ల వైరింగ్ నేరుగా కారు వైర్లకి కలిపేయొచ్చా?

ఇరుసు_లెక్క (డెన్వర్):

వద్దండీ. బ్యాటరీ నుంచి విడిగా కరెంటు తీసుకునే కన్వర్టర్ పెట్టండి, లేకపోతే ట్రైలర్ బల్బుల భారం కారు సర్క్యూట్ మీద పడుతుంది. నాలుగు పిన్నుల ప్లగ్గులో తెలుపు గ్రౌండు, గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఎడమ సిగ్నల్ వేస్తే రెండువైపులా మసకగా వెలుగుతున్నాయంటే నూటికి తొంభైసార్లు తప్పు తెల్ల వైరుదే: రంగు మీదే స్క్రూ బిగించి ఉంటారు. ఫ్రేము మీద ఆ చోట రంగు మెరిసే లోహం కనిపించేదాకా గీకి, నక్షత్రం వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. గొలుసులు రెండూ టంగ్ కింద అడ్డంగా దాటించి తగిలించండి, కప్లర్ ఊడినా టంగ్ రోడ్డు మీద పడకుండా వాటి మీద ఆగుతుంది.